గుమ్మడి పాన్‌కేక్ లోపల పచ్చిగా ఉండిపోతోంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: అక్కా నమస్తే. మేం టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. అక్టోబర్ వస్తే ఇక్కడ ఏ షాపులో చూసినా గుమ్మడికాయలే, మా పాప ఫ్రెండ్ వాళ్ళింట్లో పంప్కిన్ పాన్‌కేక్స్ తిని వచ్చి అవే కావాలని ఒకటే గొడవ. డబ్బాలో అమ్మే గుమ్మడి ప్యూరీ (మెత్తటి గుజ్జు) తెచ్చి మూడు ఆదివారాలు చేశా, మూడుసార్లూ పైన నల్లగా మాడింది, లోపల ముద్దముద్దగా పచ్చిగానే ఉంది. మా అత్తయ్యగారు కూడా వచ్చి ఉన్నారు, ఆవిడ గుడ్డు తినరు. హాలోవీన్ పండక్కి అలంకరణకని కొన్న పెద్ద గుమ్మడికాయ ఒకటి ఇంటి ముందుంది, అది వాడొచ్చా?
– ఓ పాఠకురాలు, ఫ్రిస్కో

జవాబు: చెల్లీ, నీ చెయ్యి బానే ఉందమ్మా, తేడా అంతా గుమ్మడిలో ఉన్న నీళ్ళది. ప్యూరీ చూడ్డానికి చిక్కగానే ఉంటుంది కానీ అందులో ఎక్కువ భాగం నీళ్ళే, దాన్ని అలాగే పిండిలో కలిపేస్తే పై పొర కాలిపోతుంది గానీ లోపలి తడి ఆరదు. అందుకే ముందు ముప్పావు కప్పు ప్యూరీని బాండీలో వేసి సన్న సెగ మీద ఏడెనిమిది నిమిషాలు కలుపుతూ ఉండు, హల్వాకి చేసినట్టే అనుకో. రంగు కాస్త ముదురుతుంది, పచ్చివాసన పోయి తియ్యటి వాసన వస్తుంది, గరిటెతో మధ్యలో గీత గీస్తే అది వెంటనే పూడుకుపోకూడదు. అప్పుడు దించి పూర్తిగా చల్లారనివ్వు. దాదాపు అరకప్పు మిగులుతుంది, మనకి కావాల్సింది అదే.

ఇక కొలతలు. మైదా ఒక కప్పు (సగం గోధుమపిండి వేసినా బావుంటుంది, నేనైతే అలాగే చేస్తా), బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్, బేకింగ్ సోడా పావు టీస్పూన్, చిటికెడు ఉప్పు, బెల్లం పొడి రెండు పెద్ద స్పూన్లు, దాల్చినచెక్క పొడి అర టీస్పూన్, శొంఠి పావు టీస్పూన్, జాజికాయ చిటికెడు, లవంగం పొడి ఇంకా తక్కువ. అక్కడ పంప్కిన్ స్పైస్ అని చిన్న సీసా అమ్ముతారు చూడు, అందులో ఉండేవి దాదాపు ఇవే, మన పోపులపెట్టెలో ఉన్నవాటికి మళ్ళీ డబ్బులెందుకు. వేరే గిన్నెలో ముప్పావు కప్పు బటర్‌మిల్క్, ఒక గుడ్డు, కరిగించిన వెన్న ఒక పెద్ద స్పూను, ఆ గుమ్మడి ముద్ద కలిపి పొడిపిండిలో పొయ్యి. ఇక్కడ జాగ్రత్త, ఇడ్లీ పిండిలా గిలక్కొట్టకూడదు, కొద్దిగా ఉండలున్నా పర్లేదు, ఎక్కువ కలిపితే జిగురొచ్చి సాగుతాయి. పది నిమిషాలు పక్కన పెట్టు.

అత్తయ్యగారికైతే గుడ్డు మానేసి బటర్‌మిల్క్ ఇంకో రెండు మూడు పెద్ద స్పూన్లు పొయ్యి, బేకింగ్ పౌడర్ రెండు టీస్పూన్లు చెయ్యి. గుమ్మడే పిండిని పట్టి ఉంచుతుంది, విరిగిపోదు.

పెనం మాత్రం దోసెకి కాల్చినంత వేడి చెయ్యొద్దు. మీడియం కంటే తక్కువ సెగ మీద పావు కప్పు పిండి వేసి వదిలెయ్యి, దోసెలా తిప్పి పల్చగా చెయ్యకు. ఈ పిండి చిక్కన కాబట్టి బుడగలు తక్కువే వస్తాయి, వాటికోసం చూస్తూ కూర్చుంటే అడుగు మాడుతుంది, అంచుల్లో తడి మెరుపు పోయిందా లేదా చూసి తిప్పు. ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు.

డబ్బా కొనేటప్పుడు ‘పంప్కిన్ పై మిక్స్’ (Pumpkin Pie Mix) అని రాసి ఉన్నది కాకుండా ఒట్టి గుమ్మడి ఉన్నదే తీసుకో, ఆ మిక్స్‌లో చక్కెర, మసాలా ముందే వేసేస్తారు. 425 గ్రాముల డబ్బా ఒకేసారి అవ్వదు, మిగిలింది జిప్ బ్యాగులో పల్చగా పరిచి ఫ్రీజర్లో పెట్టు. ఇంటి ముందున్న కాయ పీచుగా, నీళ్ళగా ఉంటుంది, రుచీ తక్కువే, పాన్‌కేక్‌కి వద్దు. చెక్కి దీపం పెట్టి బయట ఉంచిందైతే అస్సలు తినొద్దు. తాజా కాయ కావాలంటే బటర్‌నట్ స్క్వాష్ తెచ్చుకో, మన తీపి గుమ్మడికి దగ్గరి చుట్టమే, అమెరికా డబ్బాల్లో నింపేది కూడా ఎక్కువగా ఆ జాతి కాయల గుజ్జే.

ప్రశ్న: మా కాకినాడలో డబ్బా ప్యూరీ దొరకదండీ, మామూలు గుమ్మడికాయతో అవుతుందా?

జవాబు: ఇంకా బావుంటాయండీ. ముక్కలు నీళ్ళలో ఉడికించకండి, ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద మెత్తబడనిచ్చి, తొక్క తీసి మెదిపి, పైన చెప్పినట్టే బాండీలో ఆరబెట్టండి. బటర్‌మిల్క్ అంటే మన పల్చటి మజ్జిగ కాదు, అరకప్పు పెరుగులో పావు కప్పు నీళ్ళు చిలికితే సరిపోతుంది. మేపుల్ సిరప్ బదులు బెల్లం పాకంలో కాస్త నెయ్యి వేసి వేడివేడిగా పోసుకోండి, సంక్రాంతికి దప్పళంలోకి కోసిన కాయలో సగం మిగిలితే మా ఇంట్లో మర్నాడు పొద్దున్న టిఫిను ఇదే.