ఫోను తరువాత కొనవచ్చు, ముందు కంటి ప్రెషర్ చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 41. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పని అయ్యాక కూడా ఫోను వదలలేక రాత్రి ఒంటిగంట దాటుతోంది. సాయంత్రానికి కళ్లు ఎర్రబడి మండుతున్నాయి. మందుల దుకాణంలో ఇచ్చిన చుక్కలు వేసుకుంటే వెంటనే తగ్గుతోంది, ఆరు నెలలుగా అవే వాడుతున్నాను. ఈమధ్య రాత్రి బండి నడుపుతుంటే దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయి. మా నాన్నగారు నీటికాసులకు (గ్లకోమాకు) మందు వాడుతున్నారు. ఇ-ఇంక్ తెర ఉన్న ఫోను కొంటే ధ్యాస చెదరడం తగ్గుతుందా? కళ్లకు మంచిదేనా?
– ఒక పాఠకుడు, అత్తాపూర్, హైదరాబాద్

జవాబు: ఫోను సంగతి తరువాత చెబుతాను. ఆరు నెలల చుక్కలు, దీపాల చుట్టూ వలయాలు, నాన్నగారి నీటికాసులు: నన్ను ఆపినవి ఈ మూడూ. మూడూ ఒకరిలోనే ఉన్నాయంటే కంటి లోపలి ప్రెషర్ ఎంతుందో ఈ వారంలోనే చూడాలి.

ఏ చుక్కలో మీరు రాయలేదు. సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్ వంటి పేరుంటే అది స్టెరాయిడ్. దానితో ఎరుపు ఇట్టే తగ్గుతుంది, అందుకే జనం రెండో సీసా కొంటారు, మూడోదీ కొంటారు. కొందరిలో కొన్ని వారాల వాడకానికే కంట్లో ఊరే నీరు బయటికి పోయే దారి మందగించి ప్రెషర్ పెరుగుతుంది. రక్తసంబంధీకుల్లో నీటికాసులు ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కువ. పెరిగిన ప్రెషర్ కంటి నరాన్ని తినేస్తున్నా చాలామందికి నొప్పి ఉండదు, ఎదుటి అక్షరం స్పష్టంగానే కనిపిస్తుంది. ముందు పోయేది పక్క చూపు. పోయిన చూపును ఏ మందూ తిరిగి తేలేదు. దీర్ఘకాలం వాడితే చిన్న వయసులోనే శుక్లం కూడా రావచ్చు.

నాన్నగారి చుక్కలకు డాక్టరు చీటీ ఉంది. అదే ఇంట్లో మీ చుక్కలకు ఎందుకు లేదు? ఆయనను ఆసుపత్రికి తీసుకెళ్లేది బహుశా మీరే. అక్కడ అంతసేపు కూర్చున్నప్పుడు మీ కన్ను కూడా ఒకసారి చూడమని అడగాల్సింది. నీటికాసులు ఉన్నవారి పిల్లలు, తోబుట్టువులు ఏ ఇబ్బందీ లేకపోయినా పరీక్ష చేయించుకోవాలి.

వలయాలు ప్రెషర్ వల్లనే కాక కంటి పొడిబారడం వల్ల, శుక్లం వల్ల, అద్దాల పవర్ మారడం వల్ల కూడా రావచ్చు. ఉత్తరం చదివి తేల్చడం కుదరదు. ప్రెషర్‌తో పాటు నీరు పోయే కోణం, కంటి నరం, పక్క చూపు చూడమని అడగండి. ఖర్చుకు వెనకాడితే మెహిదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి ప్రభుత్వానిదే. ఈలోగా ఒక కన్ను తీవ్రంగా నొప్పి పుట్టి, వాంతి వచ్చి, చూపు మసకబారితే తెల్లారేదాకా ఆగవద్దు, అత్యవసర విభాగానికి వెళ్లండి. జలుబు మాత్రలు కూడా సొంతంగా వేసుకోకండి, కోణం ఇరుకుగా ఉన్న కంటికి వాటిలో కొన్ని ప్రమాదం.

ఇక ఫోను. ఇ-ఇంక్ తెరలో నలుపు, తెలుపు రేణువులు విద్యుత్తుకు కదిలి అక్షరాలవుతాయి, గది వెలుతురు పడి కాగితంలా కనిపిస్తాయి. వీడియోలు తడబడతాయి, పాత బొమ్మ నీడ కాసేపు మిగిలిపోతుంది. కాబట్టి రాత్రిపూట వీడియోల మీద మోజు తగ్గవచ్చు. మంట తగ్గుతుందని మాత్రం హామీ ఇవ్వలేను. తదేకంగా చూస్తున్నప్పుడు రెప్పపాటు బాగా తగ్గిపోతుంది, తెర ఏదైనా కన్ను ఆరిపోతుంది. పైగా రోజంతా మీ ముందుండే ఆఫీసు కంప్యూటర్ మారదు కదా. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడండి. 41 ఏళ్లకు దగ్గరి చూపుకు అద్దాలు అవసరమై ఉండవచ్చు, అదీ పరీక్షలో తేలుతుంది. డబ్బు పెట్టే ముందు ఇప్పుడున్న ఫోనులోనే రంగులు తీసేసే సెట్టింగ్ పెట్టి రెండు వారాలు చూడండి. రాత్రి దాన్ని హాల్లోనే వదిలేసి పడుకోండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ మందు సీసా తప్పక తీసుకెళ్లండి, ఎలా ఆపాలో చూసి చెబుతారు. కంటిపాప పెద్దది చేసి చూస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది, కాబట్టి మీరు బండి నడపకండి, ఎవరినైనా తోడు తీసుకెళ్లండి.