సైన్స్ ఫిక్షన్ కథను ఒకరి చేతిలో పెట్టే ముందు

చిరంజీవి అమ్మాయికి, రాజోలు నుంచి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం మొన్న శనివారం అందింది. పాలకొల్లులో పదిమంది పాఠకులు నెలకొక ఆదివారం కూర్చుని సైన్స్ ఫిక్షన్ కథల గురించి మాట్లాడుకుంటున్నారని చదివి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ముప్పై రెండేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో భౌతికశాస్త్రం చెప్పిన కాలమంతా నా బీరువాలోని పుస్తకాలు పిల్లల చేతుల్లోనూ, తోటి ఉపాధ్యాయుల సంచుల్లోనూ తిరుగుతూనే ఉండేవి. ఆ అనుభవంతోనే నువ్వడిగిన రెండు విషయాలకూ, అంటే ఎవరికి ఏ కథ ఇవ్వాలన్న దానికీ, సగం గుర్తున్న కథను ఎలా వెతకాలన్న దానికీ జవాబు రాస్తున్నాను.

ముందుగా నువ్వు పంపిన ఇరవై అయిదు కథల జాబితా గురించి. అది శ్రద్ధగా తయారుచేసినదే, అందులో చెడ్డ కథ ఒక్కటీ లేదు. అయినా దాన్ని ఎవరికీ ఇవ్వవద్దు. జాబితా అందుకున్నవాళ్లు దాన్ని మడిచి దాచుకుంటారే తప్ప, మొదటి పేరు నుంచి చదువుకుంటూ వెళ్లినవాళ్లను నేను ఇంతవరకూ చూడలేదు. ఒక మనిషికి ఒక కథ ఇచ్చి, అది వారికే ఎందుకు ఇస్తున్నావో ఒక్క మాటలో చెప్పు. ఆ మాట నీకు తోచకపోతే ఆ నెల వారికి ఏమీ ఇవ్వకపోయినా ఫరవాలేదు.

ఆ మాట తోచాలంటే వారి రోజు ఎలా గడుస్తుందో, ఏ ఆలోచనతో నిద్రపోతారో కొంతైనా తెలిసి ఉండాలి. సైన్స్ ఫిక్షన్ మా వంటికి పడదండీ అనేవారిలో చాలామంది 1991లో వచ్చిన ‘ఆదిత్య 369’ను ఇష్టంగా చూసినవారే. కాలయంత్రం వెళ్లిన చోట్లలో మీకు కృష్ణదేవరాయల కాలం నచ్చిందా, 2504వ సంవత్సరం నచ్చిందా అని వారిని అడుగుతాను. రాయల కాలం అన్నవారికి చరిత్రలోకి నడిపించే కథ ఇస్తాను, 2504 అన్నవారికి రాబోయే సమాజాన్ని ఊహించే కథ ఇస్తాను. ఈ ఒక్క ప్రశ్నతో ఎంతోమంది అభిరుచి నాకు తెలిసింది.

మా మరిది సంగతి నీకు తెలుసు కదా. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తూ, తెల్లమచ్చ వైరస్ వచ్చిన రోజుల్లో వరసగా రెండు పంటలు పోగొట్టుకున్నాడు. నవల చదివే అలవాటు లేని ఆయనకు, అంగారకవాసులు ఇంగ్లండు మీద దండెత్తినట్టు హెచ్.జి. వెల్స్ ఊహించిన 1898 నాటి నవల ఇచ్చాను. గట్టు మీది షెడ్డులో, ఏరేటర్ల చప్పుడు మధ్య రాత్రి కాపలా కాస్తూ మూడు రాత్రుల్లో ముగించి, నాలుగో రోజు తెల్లవారకముందే ఫోను చేసి ‘వదినా, ఇది నా చెరువు కథే’ అన్నాడు. ఆయన అలా ఎందుకన్నాడో ఇక్కడ రాయను; ఆ నవల నువ్వు ఇంకా చదవలేదని నీ జాబితా చూస్తే అర్థమయింది.

మనిషిని చూసి ఇచ్చినంత మాత్రాన సరిపోదు, వేళ కూడా చూడాలి. ఈ విషయం నేను ఒక పిల్లవాడిని నొప్పించి తెలుసుకున్నాను. 1896లో జగదీశ్ చంద్ర బోస్ బెంగాలీలో ఒక కథ రాసి, కుంతలీన్ అనే తలనూనె వారి కథల పోటీకి పంపారు. కలకత్తా మీదికి రావలసిన తుపాను రాకుండా ఏమైపోయిందన్నది అందులోని చిక్కుముడి; ఓడలో వెళుతున్న ఒకాయన సీసాలోని తలనూనెను సముద్రంలో ఒలకబోస్తే అలలు సద్దుమణిగాయి. చిన్నప్పుడు నీకు చెప్పిన కథే కనుక ముగింపు చెప్పినా తప్పులేదు. బెంగాలీ వచ్చిన ఒక స్నేహితురాలి నోట విని, ఏటా తలతన్యత పాఠానికి ముందు ఆ కథ చెప్పేదాన్ని, పిల్లలు ఎంతో సరదాపడేవారు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చేసిన తరువాత, బడి తెరిచిన కొద్ది రోజులకే, పాఠాలు వెనకబడ్డాయన్న తొందరలో అలవాటు కొద్దీ అదే కథ ఎత్తుకున్నాను. ఒక్కరూ నవ్వలేదు. రెండో బెంచీలోని అబ్బాయి తల వంచుకుని బల్ల మీద గోటితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. వాళ్ల దొడ్లో నలభై కొబ్బరిచెట్లకు మూడే మిగిలాయనీ, ఇంటి పైకప్పు మొత్తం లేచిపోయిందనీ ఆ సాయంత్రం తెలిసింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అప్పటినుంచి కష్టంలో ఉన్నవారికి కథ ఇచ్చే ముందు, నాకెంత బాగా గుర్తున్న కథైనా సరే, మరొకసారి మొదటి నుంచి చివరి వరకూ చదివి చూసుకుంటున్నాను. నువ్వు కూడా అలాగే చెయ్యి.

ఇక కథను పరిచయం చేసే తీరు. యంత్రాల పేర్లతో, గ్రహాల పేర్లతో మొదలుపెడితే కొత్త పాఠకులు బెదిరిపోతారు, కనుక కథ వేసే ప్రశ్నతో మొదలుపెట్టు. ఐజాక్ అసిమోవ్ 1941లో రాసిన ‘నైట్‌ఫాల్’ను నేను ఇలా చెబుతాను: ఆరు సూర్యులున్న లోకంలో ఎప్పుడూ పగలే, రెండు వేల ఏళ్లు దాటాక ఒక్కసారి మాత్రమే చీకటి పడుతుంది, ఆ చీకటి ఇప్పుడు రాబోతోంది. పన్నెండేళ్లకొకసారి వచ్చే పుష్కరాలకే కిందటిసారి ఏ రేవులో మునిగామో ఇంట్లో తలొక మాటా చెప్పే మనకు, రెండు వేల ఏళ్ల నాటి సంగతి ఎవరికి గుర్తుంటుందన్న ప్రశ్న వెంటనే మనసుకు తగులుతుంది. అంతవరకూ చెప్పి ఆగిపోవాలి. కథలో నడక మందగించే చోటు ఉంటే అది కూడా ముందే చెప్పు. ఇరవై పేజీలు ఓపిక పట్టండి అని చెప్పి ఇచ్చిన పుస్తకం మధ్యలో వెనక్కి రావడం అరుదు. సైన్సు అర్థం కాదేమోనని జంకేవారికి, భౌతిక శాస్త్రవేత్త అయి ఉండీ తెలుగులో అంత సులువుగా రాసిన మహీధర నళినీమోహన్ గారి వ్యాసాలు ముందు ఇచ్చి, తరువాత కథ ఇవ్వు.

అయితే ఈ కథలో చెప్పింది తరువాత నిజమైంది తెలుసా అన్న మాటతో మాత్రం ఏ కథనూ సిఫారసు చేయవద్దు. జోస్యం నిజమైందా లేదా అన్నదే కొలత అయితే మంచి కథల్లో సగం పక్కకు పోతాయి. పైగా అటువంటి మాటల్లో తప్పులు దొర్లుతాయి. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహాలను నిలిపి ప్రపంచమంతటా ప్రసారాలు చేయవచ్చని ఆర్థర్ సి. క్లార్క్ 1945లో రాసింది కథలో కాదు, ఒక సాంకేతిక పత్రికలోని వ్యాసంలో. ఈనాడు మన తీరానికి వచ్చే తుపానుల చిత్రాలు తీసే ఇన్సాట్ ఉపగ్రహాలు ఉన్నది ఆ ఎత్తులోనే అని చెప్పడం బాగుంటుంది కానీ, వ్యాసాన్ని కథ అని చెప్పకూడదు.

సగం గుర్తున్న కథల విషయానికి వస్తే, వెతకడం కన్నా అడగడంలోనే ఎక్కువ పని ఉంది. అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం చేసే ఒక పెద్దాయన నాలుగేళ్లపాటు కనిపించినప్పుడల్లా ఒక దయ్యం కథ గురించి అడిగేవారు. ఎక్కడికో వెళ్లి తిరిగి వచ్చేసరికి బోర్డు మీద అక్షరాలు మారిపోయి ఉంటాయన్నది తప్ప ఆయనకు ఇంకేమీ గుర్తులేదు. రచయిత ఎవరు, పత్రిక ఏది అని అడిగి అడిగి నేను విసిగిపోయాను. ఒకరోజు ఆ కథ ఏ ఊళ్లో, ఎక్కడ కూర్చుని చదివారని అడిగాను. ఆయన కళ్లు మూసుకుని, సఖినేటిపల్లి నుంచి నర్సాపురం పంటు మీద వెళుతూ చదివాననీ, చదువుతూ చదువుతూ రేవులో అంటిన బురద ఉన్న తన కాళ్లకేసి చూసుకున్నాననీ అన్నారు. కథలో కూడా ఒకడి బూట్లకు బురద ఉంటుందండీ అన్నారు. ఆ బురదతో నాకు కథ దొరికింది. అది రే బ్రాడ్‌బరీ 1952లో రాసిన, రాకాసిబల్లుల కాలానికి వేటకు వెళ్లేవారి కథ. ఆయన చదివినది ఏ వారపత్రికలోనో వచ్చిన అనుసరణ అయి ఉంటుంది. మూలం పేరు చెప్పకుండా, పాత్రలకు మన పేర్లు పెట్టి వేసిన అనుసరణలు మనకు ఎన్నో ఉన్నాయి కనుక, పేరు పట్టుకుని వెతికితే దొరకవు, కథలోని ఊహను పట్టుకుని వెతకాలి. అప్పుడు మీరు ఏ తరగతి చదువుతున్నారు, బొమ్మ ఉందా, చివర సశేషం అని ఉందా అని అడుగు. రెండు కథలు కలిసిపోయి ఒకటిగా గుర్తుండడం కూడా మామూలే.

వెతకవలసిన చోట్లు నీకు దగ్గరలోనే ఉన్నాయి. వారపత్రికల సీరియళ్లు చింపి బైండు చేయించుకున్న ఇళ్లు మన ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నాయి, మూతపడిన అద్దె పుస్తకాల షాపుల సరుకు కూడా కొన్ని అటకల మీదే ఉంది. మాస్కోలో అచ్చయి విశాలాంధ్ర ద్వారా వచ్చిన తెలుగు పుస్తకాలు పాత పుస్తకాల కొట్లలో అప్పుడప్పుడు కనిపిస్తాయి. 1991 తరువాత అవి రాలేదు కనుక దొరికిన ప్రతిని వదులుకోవద్దు. ఒక రోజు తీరిక చేసుకుని రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి కూడా వెళ్లిరా.

మీ బృందంలో పేరున్న రచయితల కథలే అందరూ మెచ్చుకుంటున్నారని రాశావు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్ కథల పోటీకి మారుపేరుతో, తన దస్తూరీ ఎవరైనా గుర్తుపడతారేమోనని భార్య చేత రాయించి మరీ కథ పంపారు. ఆ కథకే బహుమతి వచ్చింది. వచ్చే నెల మీరూ ఒక కథను రచయిత పేరు లేకుండా జిరాక్సు తీయించి అందరికీ పంచండి. మాటలన్నీ పూర్తయ్యాకే పేరు చెప్పు.

అందుకు తగిన కథ ఒకటి ఈ ఉత్తరంతోనే చించినాడ వంతెన మీదుగా వచ్చే మన వాళ్ల చేతికి ఇచ్చి పంపుతున్నాను. 1905లో మద్రాసు నుంచి వెలువడే ఒక ఇంగ్లీషు పత్రికలో అచ్చయిన కథ అది. ఎండ వేడిమిని పట్టి వాడుకునే ఆడవాళ్లు నడిపే రాజ్యం గురించి ఒక బెంగాలీ స్త్రీ రాసింది. నా తెలుగు అనువాదం నోటుపుస్తకంలో పద్నాలుగు పేజీలు వచ్చింది, మధ్యలో రెండు చోట్ల దిద్దుబాట్లు ఉన్నాయి, చూసి సరిచేసి జిరాక్సు తీయించు. మొదట మీ బృందంలో మాట్లాడకుండా మూలన కూర్చుంటుందని నువ్వు రాసిన ఆ కుట్టుపని చేసే అమ్మాయికి ఇచ్చి, రెండు రోజులు ఆమె దగ్గరే ఉంచు.