అమ్మాయి ఫీజు డబ్బు టెక్సాస్ పెయ్యల మీద పెట్టవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తాను. వయసు 44. పెద్దమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, చిన్నమ్మాయి తొమ్మిదో తరగతి. ఇంటి అప్పు తీరిపోయింది. ఫిక్స్‌డ్ డిపాజిట్లలో 32 లక్షలు ఉన్నాయి. టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది అక్కడి మిత్రుడితో కలిసి మాంసం కోసం పశువులను పెంచే వ్యాపారం మొదలుపెడుతున్నాడు. 25 లక్షలు పెడితే వాటా ఇస్తానని, ఏడాదిలో రాబడి మొదలవుతుందని అంటున్నాడు. ముందుగా ఎనిమిది నెలల హైఫర్లను కొంటారట. కాగితాల్లో ఉన్న స్టీర్, స్టాకర్, ఫీడర్ లాంటి మాటలు నాకు అర్థం కాలేదు. మన ఒంగోలు జాతి ఆవు బ్రెజిల్‌లో నలభై కోట్లు పలికిందని విన్నాక ఆశ కూడా కలుగుతోంది. మా అమ్మగారికి ఇంకా చెప్పలేదు. పెట్టవచ్చా?

జవాబు: 25 లక్షలు పెట్టవద్దు. మీ బావమరిది మోసం చేస్తాడని నా ఉద్దేశం కాదు. ఆయన చెప్పిన ఏడాది గడువుకూ, ఆయనే పంపిన కాగితాల్లోని పశువుల వయసుకూ పొంతన లేదు.

ముందు ఆ మాటల సంగతి చూద్దాం. ఇంకా ఈనని ఆడ పశువును హైఫర్ అంటారు, అంటే మన పెయ్య. ఈనాక దాన్ని కౌ అంటారు. బుల్ అంటే ఆబోతు. చిన్నప్పుడే విత్తు కొట్టించి మాంసం కోసం పెంచే కోడె స్టీర్. మన దగ్గర ఎద్దును కొనేవారు నడక, మూపురం, పళ్లు చూసి బేరమాడతారు. అక్కడ స్టీర్‌ను ప్రధానంగా తూకం మీదే కొంటారు. స్టాకర్, ఫీడర్ అనేవి జాతుల పేర్లు కావు, పశువు ఏ దశలో ఉందో చెప్పే మాటలు. పాలు మాన్పించి పచ్చిక మీద పెంచుతున్నది స్టాకర్. దాణా పెట్టి బలిపించే ఫీడ్‌లాట్‌కు వెళ్లడానికి సిద్ధమైనది ఫీడర్.

అమెరికాలో దూడ పుట్టిన దగ్గర నుంచి కబేళా వరకు ఒకే రైతు చేతిలో ఉండటం తక్కువ. ఆవుల మందను ఉంచుకునే రైతు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో దూడను తల్లి నుంచి వేరు చేసి అమ్ముతాడు. అప్పటికి అది 200 నుంచి 270 కిలోలు తూగుతుంది. దాన్ని కొన్నవాడు కొన్ని నెలలు గడ్డి మీద పెంచి ఫీడ్‌లాట్‌కు అమ్ముతాడు. ఫీడ్‌లాట్‌లో నాలుగు నుంచి ఆరు నెలలు ప్రధానంగా మొక్కజొన్న దాణాతో పెంచుతారు. రోజుకు కిలోన్నర దాకా బరువు పెరుగుతుంది. ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య వయసులో, 600 కిలోలు దాటాక కబేళాకు వెళ్తుంది. మాంసం, ఎముకలతో కూడిన కళేబరం ఆ బరువులో అరవై శాతం పైచిలుకు ఉంటుంది. ఈ మూడు దశల్లో లాభం వచ్చే దారి వేరు, నష్టం వచ్చే దారి వేరు. మీ డబ్బు అన్నిటికంటే ఆలస్యంగా ఫలితమిచ్చే మొదటి దశలోకి వెళ్తోంది.

లెక్క వేసి చూడండి. ఎనిమిది నెలల పెయ్యను సాధారణంగా పదిహేనో నెల వచ్చేదాకా చూడి కట్టించరు. అంటే ఏడు నెలలు ఆగాలి. చూడి కాలం సుమారు 283 రోజులు. పుట్టిన దూడ అమ్మకానికి రావడానికి మరో ఏడు నెలలు పడుతుంది. డబ్బు పెట్టిన దాదాపు రెండేళ్లకు గానీ మొదటి దూడ సంతకు రాదు. ఈలోగా పచ్చిక కౌలు, ఎండుగడ్డి, మందులు, కంచె, పాతిక ఆవులకు ఒకటి చొప్పున ఆబోతు, అన్నీ ఖర్చులే. తొలిచూలు పెయ్యలకు ఈత ఇబ్బందులు ఎక్కువ. అన్నీ బాగున్న మందలోనూ నూటికి 85 దూడలు అమ్మకానికి మిగిలితే మంచి ఫలితమే అంటారు. ‘ఏడాదిలో రాబడి’ ఏ పశువును అమ్మితే వస్తుందో మీ బావమరిదిని అడగండి. చూడి కట్టని పెయ్యలనే తిరిగి అమ్మడం ఆయన ఆలోచన అయితే అది పెంపకం కాదు, ధర మీద పందెం.

ఆ పందెం మీకు తెలియనిది కాదు. ధర లేనప్పుడు మిర్చిని కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగడం మీ వ్యాపారంలో రోజూ చూసేదే. బలిసిన స్టీర్‌ను అలా ఆపలేరు. ఆపిన ప్రతి రోజూ అది తింటుంది, కొవ్వు మితిమీరితే ధర కూడా కోసేస్తారు. షికాగో ఎక్స్ఛేంజీలో 1964 నుంచి బతికున్న పశువుల మీద ఫ్యూచర్స్, అంటే రాబోయే తేదీకి ధరను ఇప్పుడే ఖాయం చేసుకునే ఒప్పందాలు, నడుస్తున్నాయి. పెద్ద పెంపకందారులు వాటితో ధరను ముందే కట్టేసుకుంటారు. కొత్తగా దిగే ఇద్దరు ఉద్యోగస్థులు ఆ పని చేస్తారని నేను అనుకోను.

ధరల మాట వచ్చింది గనుక ఇంకొకటి. 2025 జనవరి నాటికి అమెరికాలో పశువులు 8.67 కోట్లు. అప్పటికి 1951 తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేదు. కరవుకు పచ్చిక ఎండి రైతులు మందలు అమ్ముకున్నారు, అందుకే ఇప్పుడు ధరలు మండుతున్నాయి. మీ బావమరిదికి ఉత్సాహం పుట్టింది కూడా ఆ ధరలు చూసే అయి ఉంటుంది. ధర ఎక్కువైనప్పుడు రైతులు పెయ్యలను అమ్మకుండా మందలో ఉంచుకుంటారు, కొన్నేళ్లకు దూడలు ముంచెత్తుతాయి. 2014లో రికార్డు ధరలు వచ్చాయి, 2015, 2016లలో అవి కుప్పకూలాయి. మళ్లీ ఎప్పుడు కూలుతాయో చెప్పలేను. కానీ ఖరీదైనప్పుడు పెయ్యను కొని రెండేళ్ల తర్వాత దూడను అమ్మేవాడే ఇందులో ఎక్కువ నష్టపోయేది.

బ్రెజిల్ ఆవు వియాటినా-19 గురించి. మన గుంటూరు దగ్గరి లాం పశు పరిశోధన ఫారంలో కనిపించే ఒంగోలు జాతే అక్కడికి వెళ్లి నెలోర్ అయింది, నెల్లూరు పేరు మీదుగా. టెక్సాస్‌లోని బ్రాహ్మణ్ జాతిలోనూ ఆ రక్తం ఉంది. గర్వపడవలసిందే. కానీ 2023 వేలంలో ఆ ఆవులో మూడో వంతు వాటాకు పలికిన ధరను బట్టి మొత్తం విలువ కట్టారు. ఆ డబ్బు దాని పిండాలకు, వంశానికి. మీ వాటాకు వచ్చే పెయ్యలు మాంసం ధరకు అమ్ముడయ్యేవి.

డబ్బు పంపే దారి కూడా అంత సులువు కాదు. రిజర్వ్ బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపవచ్చు. పెట్టుబడిగా పంపితే పది లక్షలు దాటిన భాగంపై 20 శాతం టీసీఎస్, అంటే ముందుగానే వసూలు చేసే పన్ను, కోస్తారు. మీ 25 లక్షల మీద అది మూడు లక్షలు. ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది, కానీ అప్పటిదాకా మీ చేతిలో ఉండదు. పరిమిత బాధ్యత ఉన్న సంస్థలో వాటాగానే పెట్టాలి, ‘నీ పేరున పది ఆవులు’ అనే నోటిమాట చాలదు. టీసీఎస్ తప్పుతుందనుకుని బహుమతిగా రాసి పంపకండి, బహుమతికీ అదే టీసీఎస్ ఉంటుంది. రేపు వాటా మీదేనని చెప్పుకోవడానికి కాగితం మిగలదు. విదేశీ ఆస్తిని ఏటా రిటర్నులో చూపాలి, దాచితే జరిమానా పది లక్షల వరకు ఉండవచ్చు.

ఇక మీ ఇంటి లెక్క. పెద్దమ్మాయి కొద్ది నెలల్లో ఇంజనీరింగ్‌లో చేరుతుంది. ఫీజు, హాస్టల్ కలిపి నాలుగేళ్ల ఖర్చును ఆ 32 లక్షల్లోంచి విడదీసి, ఏటా ఒకటి మెచ్యూర్ అయ్యేలా డిపాజిట్లు వేయండి. చిన్నమ్మాయికి మూడేళ్ల వ్యవధి ఉంది, ఆమె కోసం కొంత పక్కన పెట్టండి. మిర్చి సరిగా రాని సీజన్‌ను తట్టుకోవడానికి ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉంచండి. ఇవన్నీ పోగా మిగిలినదాంట్లో, మొత్తం పోయినా పిల్లల చదువు ఆగదనుకున్నంత మాత్రమే బావమరిది చేతికి ఇవ్వండి. నా అంచనాలో అది మూడు నాలుగు లక్షలు మించదు. ఆ మొత్తానికి టీసీఎస్ తలనొప్పి కూడా ఉండదు.

మీ అమ్మగారి విషయం నేను తేల్చేది కాదు. అయితే ఇది మాంసం వ్యాపారమని ఆమెకు, మీ శ్రీమతికి తెలియకుండా మాత్రం ఒక్క రూపాయి పంపకండి. పండగకు అందరూ కలిసినప్పుడు ఎవరి నోటి నుంచో బయటపడితే, మీకూ బావమరిదికీ మధ్య వచ్చే ఎడం ఏ రాబడితోనూ పూడదు.

పంపాలనే నిర్ణయానికి వస్తే మూడు కాగితాలు అడగండి: సంస్థ రిజిస్ట్రేషన్, పచ్చిక కౌలు ఒప్పందం, పెయ్యకు ఎంత ధర వేసుకుని లెక్క కట్టారో ఆ పట్టిక. ఆ పట్టికలో దూడ అమ్మకపు ధర ఇవాళ్టి ధరే వేసి ఉంటే, అందులో మూడో వంతు తగ్గించి మళ్లీ లెక్క కట్టమని చెప్పండి. అప్పటికీ లాభం మిగిలితే ఆ మూడూ నాకు పంపండి, చూసి చెబుతాను.