మొదట ఎవరన్న గొడవ పక్కన పెట్టు

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. స్టీల్ గిటార్ తొలితరం వాళ్ల ఆత్మకథలు, జ్ఞాపకాలు చదివి తెలుగులో రాయాలన్న ఆలోచన నాకు భలే నచ్చింది. మనవాళ్లకు అది హవాయిన్ గిటార్‌గానే తెలుసు. పాత సినిమా పాటల ట్యూన్లు దాని మీద వాయించిన రికార్డులు వింటూ పెరిగిన తరం మాది. ఆ సాగదీసిన రాగం వినపడితే పని చేస్తున్న చెయ్యి ఆగిపోయేది. వాయించేవాడు గిటార్‌ను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుంటాడనీ, వేళ్లతో నొక్కకుండా ఇనప కడ్డీ జారుస్తాడనీ చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు.

మెచ్చుకోలు అయింది కాబట్టి ఇక తిట్లు. నువ్వు రాసిన 11 పేజీల్లో ఆరు పేజీలు స్టీల్ గిటార్‌ను మొదట కనిపెట్టింది ఎవరన్న దానికే పోయాయి. నేనూ ఒకప్పుడు ఇదే పని చేసి చెయ్యి కాల్చుకున్నాను. కొత్తగా రాస్తున్న రోజుల్లో ఒక నాదస్వర విద్వాంసుడిని కలిసి వచ్చి పత్రికకు రాశాను. ఫలానా కీర్తన ఆ చుట్టుపక్కల మొదట వాయించింది తనేనని ఆయన అంటే, నేను దాన్నే హెడ్డింగ్ చేశాను. పది రోజుల్లో నాలుగు ఉత్తరాలు వచ్చాయి, నాలుగూ తిడుతూనే. అవతలివాళ్ల తాత అంతకు ముప్ఫై ఏళ్ల ముందే వాయించాడట. అదలా ఉంచు. ఆయన మాట్లాడినంతసేపూ ఊదే పీకను నోట్లో పెట్టుకుని తడుపుతూ, మాట చెప్పాల్సి వచ్చినప్పుడల్లా తీసి పంచె కొంగు మీద పెట్టుకుంటూ ఉన్నాడు. ఆ సంగతి నేను ఒక్క ముక్క రాయలేదు. ఇవాళ ఆయన గురించి నాకు గుర్తున్నది అదొక్కటే.

దీన్ని కనిపెట్టాడని ఎక్కువమంది చెప్పే జోసెఫ్ కెకుకు కథ తీసుకో. 1874లో హవాయిలోని ఒవాహు దీవిలో, లాయియే అనే ఊళ్లో పుట్టాడు. పదకొండేళ్ల వయసులో రైలు పట్టాల పక్కన దొరికిన బోల్టును గిటార్ తీగల మీద జార్చి చూశాడని నువ్వు రాశావు. నిజమే, అలా చెబుతారు. కాదు, జేబులోంచి దువ్వెన జారి పడిందనీ చెబుతారు. జేబుకత్తి అనేవాళ్లూ ఉన్నారు. మూడు కథల్లో అందంగా ఉన్నదాన్ని ఏరుకుని రాసేశావు. పోనీ, బోల్టునే పట్టుకున్నావు, ఆ పట్టాలు ఎవరివి అని అడిగావా? ఒవాహు రైల్వే కంపెనీ పుట్టిందే 1889లో. చెరకు తోటల్లో వేసుకున్న చిన్న పట్టాలు అయ్యుండొచ్చు, కాకపోనూ వచ్చు. ఆ ప్రశ్న నీ పేజీలో కనిపించి ఉంటే నాకు నీ మీద నమ్మకం పెరిగేది. గట్టిగా చెప్పగలిగినవి వేరే ఉన్నాయి: కమేహమేహా స్కూల్లో చదువుకుంటూ ఆ పద్ధతిని సానబట్టాడు, తోటి పిల్లలకు నేర్పాడు, 1904లో అమెరికాకు వెళ్లాడు, 1919 నుంచి ఒక నాటక బృందంతో యూరప్ అంతా తిరిగాడు, 1932లో న్యూజెర్సీలో పోయాడు. దొరికింది దువ్వెనో బోల్టో గానీ, పిల్లలందరికీ ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది. దాన్ని పారేయకుండా ఏళ్ల తరబడి తీగలతో పోరాడినవాడే కెకుకు అయ్యాడు. నీ కథ అక్కడ ఉంది.

ఇక డేవియన్. ఆ పేరు దొరికాక నీకు నిద్ర పట్టి ఉండదు, నాకు తెలుసు! హవాయి స్వరకర్త చార్లెస్ కింగ్ తన చిన్నతనం గుర్తు చేసుకుంటూ, 1884లో గాబ్రియెల్ డేవియన్ అనే అతను గిటార్‌ను కొత్తరకంగా వాయించగా చూశానన్నాడు. అతను ఇండియాలో పుట్టాడట, ఒక ఓడ కెప్టెన్ ఎత్తుకుపోతే చివరికి హోనలూలూ చేరాడట. అంతే ఉంది. దాని మీద నువ్వు మేడ కట్టేశావు. మన ఏకతంత్రి వీణ పద్ధతిని అతనే పట్టుకెళ్లాడనీ, ఏ కాకినాడ రేవులోనో ఓడ ఎక్కి ఉంటాడనీ! ఒక తీగను వేళ్లతో నొక్కకుండా వెదురు ముక్క జార్చి వాయించడం మనకు ఎప్పటినుంచో ఉన్నమాట నిజం. గోటువాద్యం మన కళ్ల ముందే ఉంది. అంతమాత్రాన ఈ రెండింటికీ నువ్వు ముడి వేయకూడదు. ఎత్తుకుపోయిన పిల్లాడు వీణ విన్నాడో లేదో నీకెలా తెలుసు? కింగ్ ఏం చెప్పాడో అది చెప్పి ఊరుకో. ఒక ముసలాయన ఎప్పుడో చిన్నప్పుడు చూసినదాన్ని చెబుతున్నాడని కూడా చెప్పు.

మన దేశంతో నిజమైన సంబంధమే కావాలంటే కలకత్తా ఉంది కదా, దాన్ని ఒక్క లైనులో దాటేశావేం? టావు మోయె 1908లో సమోవాలో పుట్టి, హవాయిలో పెరిగి, భార్య రోజ్‌తో కలిసి యాభై ఏళ్లకు పైగా ఊళ్లు తిరిగిన మనిషి. 1940లలో కొన్నేళ్లు కలకత్తాలో కాపురం పెట్టాడు. అక్కడ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఉన్నారు. బెంగాలీ ఇళ్లలో హవాయిన్ గిటార్ అంతగా పాతుకుపోవడంలో ఆయన చెయ్యి ఉంది. జోధ్‌పూర్ నుంచి వచ్చిన బ్రిజ్ భూషణ్ కాబ్రా ఈ వాయిద్యాన్ని విన్నది కూడా ఆ కలకత్తాలోనే. తర్వాత సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్ దగ్గర శిష్యరికం చేసి రాగాల్ని దీని మీద నిలబెట్టాడు. ఇంకో సంగతి: మోయె దంపతులు 1929లో పాడిన పాటల్నే దాదాపు అరవై ఏళ్ల తర్వాత, బాబ్ బ్రాజ్‌మన్ అనే గిటారిస్టు వెంటపడితే, మళ్లీ అలాగే పాడి రికార్డు చేశారు. అచ్చు పుస్తకం కాకపోయినా అది కూడా జ్ఞాపకాల గ్రంథమే. రెండూ పక్కపక్కన పెట్టుకుని విను. ఏది మారలేదో రాసుకో.

వినడం అన్నాను కాబట్టి చెబుతున్నా, నీ వ్యాసంలో పెద్ద లోపం అదే. కళ్లతో చదివావు, చెవులు మూసుకున్నావు. డాన్ హెల్మ్స్ అమెరికా కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్ బృందంలో స్టీల్ వాయించినవాడు, ముసలితనంలో మరొకరితో కలిసి తన కథ పుస్తకంగా చెప్పాడు. అది ఒక్కటే చదివితే హ్యాంక్ పాటల్లో వినిపించే స్టీల్ అంతా ఆయనదే అనిపిస్తుంది. నువ్వు అలాగే పొరబడి, ‘లవ్‌సిక్ బ్లూస్’లో వాయించింది హెల్మ్స్ అని రాశావు. కాదు. 1948 డిసెంబర్‌లో సిన్సినాటిలో ఆ పాట రికార్డు చేసినప్పుడు స్టీల్ పట్టింది జెర్రీ బర్డ్. తప్పు హెల్మ్స్‌ది కాదు, నీది. ఆ పాట ఒకసారి, 1952 నాటి ‘యువర్ చీటిన్ హార్ట్’ ఒకసారి విను. హెల్మ్స్ పై స్థాయిలో సూదితో గుచ్చినట్టు వాయిస్తాడు. బర్డ్ స్వరం గుండ్రంగా ఉంటుంది, కమ్మగా అరిగినట్టు ఉంటుంది. ఇద్దరి చేతులూ వేరని పుస్తకం చెప్పక్కర్లేదు.

బర్డ్ దగ్గర నువ్వు ఇంకాసేపు ఉండాల్సింది. ఇది నా పక్షపాతమే అనుకో. 1920లో ఒహాయో రాష్ట్రంలో లైమా అనే ఊళ్లో పుట్టాడు. సముద్రం ఎక్కడా లేని ఊరు. చిన్నప్పుడు అక్కడికి టెంటు వేసుకుని హవాయి బృందం ఒకటి వస్తే వెళ్లి విన్నాడు, అంతే, పిల్లాడి పని అయిపోయింది. కంట్రీ సంగీతానికి రాజధాని లాంటి నాష్‌విల్‌లో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఈలోగా వాయిద్యానికి పెడల్స్ వచ్చిపడ్డాయి, కాలితో తొక్కితే తీగ శ్రుతి మారుతుంది. 1954లో హిట్టయిన ఒక పాటలో బడ్ ఐజాక్స్ అనే వాద్యకారుడు స్వరం మోగుతుండగానే పెడల్ తొక్కాడు. ఒక తీగ కదలకుండా ఉంటే పక్క తీగలు సాగి పైకి వెళ్లాయి. అది విన్న స్టీల్ వాద్యకారులంతా అలాంటి పెడల్ కోసం పరుగెత్తారు. బడ్డీ ఎమ్మన్స్ ఆ ఒక్క పెడల్ పనినీ రెండుగా విడగొట్టి రెండు పెడల్స్ చేశాడు, ఇప్పటికీ అదే పద్ధతి. బర్డ్ మాత్రం కడ్డీ చాలు అన్నాడు. మొండివాడు. 1972లో నాష్‌విల్ వదిలి హవాయి వెళ్లిపోయాడు. తీరా చూస్తే అక్కడి కుర్రాళ్లలో స్టీల్ పట్టేవాళ్లు కరువు. హవాయివాళ్ల సంగీతం విని పిచ్చెక్కిన ఒహాయో మనిషి, హవాయి వెళ్లి హవాయివాళ్లకే దాన్ని నేర్పుతూ కూర్చున్నాడు. 2003లో ఆత్మకథ వేశాడు, 2005లో అక్కడే కన్నుమూశాడు.

ఇవన్నీ సరే, ఒక పని చెయ్యి. ఎవరిదైనా పాత గిటార్ తెచ్చి ఒళ్లో వెల్లకిలా పెట్టుకో. తల దగ్గర తీగల కింద పెన్సిల్ దూర్చి వాటిని కాస్త పైకి లేపు. నున్నటి చిన్న గాజు సీసా ఎడం చేత్తో పట్టుకుని తీగల మీద మెల్లగా జార్చు. మెట్టు వెనక కాదు, మెట్టు గీతకు సరిగ్గా పైన ఆపాలి. వెంట్రుకవాసి తప్పినా అపశ్రుతి. గరగరమని దరిద్రంగా మోగుతుంది, కంగారు పడకు. సీసా వెనక ఉంగరపు వేలు, చిటికెన వేలు తీగలకు తగిలేలా ఈడ్చు, ఆ రొద చచ్చిపోతుంది. సీసాను కొంచెం ఊపు, స్వరం వణుకుతుంది. ఓ అరగంట ఇలా తంటాలు పడ్డాక బర్డ్ పుస్తకం మళ్లీ తెరువు. నీకు బోరు కొట్టి దాటేసిన పేజీలు ఉంటాయి, చెయ్యి గురించి, శ్రుతి గురించి. ఈసారి వాటి దగ్గర ఆగుతావు. ఎవరు ఎవరితో గొడవపడ్డారో చెప్పే పేజీలు తర్వాత చదవొచ్చు.

ఆ టెంటు రాత్రి నీ వ్యాసంలో నాలుగో పేజీలో రెండు లైన్లుగా నక్కి ఉంది. దాన్ని ముందుకు లాక్కురా. కెకుకు ఆరు పేజీలూ ఒకటిన్నర చెయ్యి. కాకినాడ రేవు కొట్టెయ్యి, మారు మాట్లాడకు. మా మేనల్లుడి గిటార్ అటక మీద ఉంది, తీగలు తుప్పు పట్టాయి గానీ చెక్క బాగానే ఉంది. ఆదివారం వచ్చి పట్టుకుపో. సీసా మాత్రం నువ్వే తెచ్చుకో, మా ఇంట్లో ఉన్నవన్నీ ఆవకాయ జాడీలే.

ఆశీస్సులతో,
మాస్టారు