ప్రాక్టీసుకని బయల్దేరి స్టేషన్లో కూర్చుంటున్నాను

ప్రశ్న: మాది సింగరాయకొండ దగ్గర పల్లెటూరు. నాకు 19 ఏళ్లు. ఒంగోలులో డిగ్రీ చదువుతూ, రెండేళ్లుగా అక్కడే బాక్సింగ్ నేర్చుకుంటున్నాను. పోయిన శనివారం కొత్తగా చేరిన ఎడమచేతి వాటం అమ్మాయితో స్పారింగ్ (సాధన కోసం ఇద్దరూ తలపడే పోటీ) చేయించారు. ఆమె నాకంటే చిన్నది. ముఖం మీద వరసగా దెబ్బలు పడ్డాయి. రెండో రౌండ్లోనే కోచ్ గారు ఆపేసి, అందరి ముందూ ‘ఇక చాలు, ఇంటికెళ్లి పడుకో’ అన్నారు. ఆ రోజు ప్రాక్టికల్ పరీక్ష ఉండి మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. రాత్రంతా తలనొప్పి. ఇప్పటికీ పుస్తకం పడితే మనసు నిలవడం లేదు, ఊరికే ఏడుపొస్తోంది. అప్పటి నుంచి బ్యాగు తగిలించుకొని బయల్దేరి, ప్రాక్టీసుకు పోకుండా రైల్వేస్టేషన్లో కూర్చొని చీకటి పడ్డాక ఇంటికొస్తున్నాను. గ్లవ్స్ నాన్న అప్పు చేసి కొన్నారు. అమ్మ మొదటి నుంచీ వద్దనే అంటోంది. నేను దీనికి పనికిరానేమో, మానేయమంటారా?

జవాబు: అమ్మా, మానేయాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం. మీరు ఒక్క మాటలో రాసి వదిలేసిన తలనొప్పి సంగతి ముందు తేలాలి. తలకు గట్టి దెబ్బ తగిలినప్పుడు పుర్రెలోని మెదడు అదిరి, కొన్ని రోజుల పాటు దాని పనితీరు తడబడుతుంది. వైద్యులు దీనిని కంకషన్ అంటారు. స్పృహ తప్పకపోయినా ఇది జరగవచ్చు. తలనొప్పితో పాటు చదువు మీద మనసు నిలవకపోవడం, నిద్ర చెదరడం, కారణం లేకుండా కన్నీళ్లు రావడం కూడా దీని లక్షణాలే. అంటే మీరు పిరికితనమనీ, చేతకానితనమనీ అనుకుంటున్న దానిలో కొంత భాగం ఆ దెబ్బల వల్లే వచ్చి ఉండవచ్చు. కాబట్టి రేపే ఎవరినైనా తోడు తీసుకొని ఒంగోలులోని ప్రభుత్వ ఆసుపత్రి రిమ్స్‌కు వెళ్లి, జరిగింది జరిగినట్లు వైద్యులకు చెప్పండి. తలనొప్పి అంతకంతకూ పెరిగినా, పదేపదే వాంతులైనా, మాట తడబడినా, మగతగా ఉన్నా రేపటి దాకా కూడా ఆగవద్దు. వైద్యులు సరేననే వరకు స్పారింగ్ ఊసే వద్దు. పూర్తిగా తగ్గాక కూడా నడక, తేలికపాటి పరుగు, ఆ తర్వాత పంచింగ్ బ్యాగు మీద సాధన అన్న క్రమంలోనే తిరిగి మొదలుపెట్టాలి.

ఆసుపత్రికి వెళ్లినప్పుడే హిమోగ్లోబిన్ పరీక్ష కూడా చేయించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ డెసిలీటరు రక్తానికి 12 గ్రాముల కన్నా తక్కువ ఉంటే రెండో రౌండ్‌కే ఆయాసం రావడంలో వింత లేదు. దాన్ని పట్టుదల లేకపోవడంగా లెక్క కట్టడం అన్యాయం.

ఇక ఆ సాయంత్రం సంగతి. ఉదయం నుంచి పరీక్ష ఒత్తిడిలో ఉండి, అన్నం తినకుండా, అలవాటు లేని వాటం గల అమ్మాయి ముందు నిలబడ్డారు. కుడిచేతి వాటం వారు ఎడమ కాలు ముందుకు వేస్తే, ఎడమచేతి వాటం వారు కుడి కాలు ముందుకు వేస్తారు కనుక, ఇద్దరి ముందు పాదాలూ ఒకదానికొకటి అడ్డం వస్తాయి, మీరు రోజూ ముందు చేత్తో వేసే పంచ్ (జాబ్) ఆమె ముందు చేతికి తగిలి ఆగిపోతుంది, ఆమె ఎడమచేతి పంచ్ మాత్రం మీ కళ్లకు అలవాటు లేని వైపు నుంచి నేరుగా వచ్చి తగులుతుంది. మీ ముందు పాదాన్ని ఆమె పాదానికి బయటి వైపు ఉంచుతూ, మీ ఎడమకు జరుగుతూ, కుడిచేత్తో నేరుగా వేసే పంచ్ (స్ట్రెయిట్) ఎక్కువగా వాడడం దీనికి విరుగుడని బాక్సింగ్ తెలిసిన ఎవరైనా చెబుతారు. ఈ పాఠం మీకింకా ఎవరూ నేర్పలేదు. ఆమె చిన్నదా పెద్దదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

కోచ్ గారు ఆపడం సరైన పనే. దెబ్బలు తింటున్న వారిని అలాగే వదిలేసే కోచ్ దగ్గర ఉండడం ప్రమాదం. అయితే ఆ మాట పదిమందిలో కాకుండా మిమ్మల్ని పక్కకు పిలిచి చెప్పి ఉంటే బాగుండేది. మీరు నొచ్చుకోవడంలో తప్పేమీ లేదు.

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2019 డిసెంబరులో ఒలింపిక్ క్వాలిఫయర్స్ కోసం జరిగిన ట్రయల్‌లో మేరీ కోమ్ చేతిలో 9-1 తేడాతో ఓడిపోయారు. దేశమంతా చూసిన ఓటమి అది. 2022లోనూ 2023లోనూ ఆమె ప్రపంచ చాంపియన్ అయ్యారు. ఆ తర్వాత కూడా 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ప్రీక్వార్టర్స్‌లోనే 5-0తో ఓడిపోయారు. మీరూ చాంపియన్ అవుతారని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. అంత స్థాయికి చేరిన వారికైనా ఓటమి తప్పలేదు కదా, ఒక్క స్పారింగ్‌ను పట్టుకొని పనికిరానని తీర్పు చెప్పుకోవడం తొందరపాటని మాత్రం చెబుతాను.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మీరు స్టేషన్లో గడుపుతున్న సాయంత్రాలు. శనివారం జరిగినది రెండు రౌండ్లలో ముగిసింది, దాన్ని ఇంట్లో దాచడం వల్ల పుట్టిన బరువు మాత్రం రోజుకింత పెరుగుతోంది. గ్లవ్స్ అప్పు గుర్తొచ్చి నాన్నగారి ముఖం చూడలేకపోతున్నారని అర్థమవుతోంది. కూతురి కోసం అప్పు చేసిన మనిషికి ఆమె స్పారింగ్‌లో వెనకబడిందన్న మాట కంటే, రోజూ ఒంటరిగా స్టేషన్లో కూర్చుందన్న మాటే ఎక్కువ బాధ కలిగిస్తుంది. ఆ సంగతి ఎవరో చూసి చెప్పకముందే, ఈ రాత్రే మీరు చెప్పండి. ‘నాన్నా, శనివారం దెబ్బలు బాగా తగిలాయి, తల నొప్పిగా ఉంది, భయమేసి వారం నుంచి ప్రాక్టీసుకు పోవడం లేదు, రేపు నాతో ఆసుపత్రికి రా’ అంటే చాలు. సంజాయిషీలు అక్కర్లేదు.

అమ్మగారు ఈ మాట విని, నేను ముందే చెప్పానా అంటారేమో. ఆమె భయం నిజమైనదే. హెడ్‌గార్డ్ పెట్టుకున్నా మెదడుకు అదురు తగలకుండా పూర్తిగా ఆపలేం. ఆమెతో వాదించకండి. వైద్యులు ఒప్పుకునే దాకా స్పారింగ్ చేయనని మాటిచ్చి, ఆ మాట నిలబెట్టుకోండి. వీలైతే ఆసుపత్రికి ఆమెనూ వెంట తీసుకెళ్లండి.

కోచ్ గారికి ఫోన్ చేసి తలకు దెబ్బ తగిలిన సంగతి, వైద్యులు చెప్పిన సంగతి చెప్పండి. తిరిగి వెళ్లాక ఎడమచేతి వాటం వారితో ముందు వారు చేతులకు తొడుక్కున్న ప్యాడ్స్ మీద, తర్వాత తేలికపాటి స్పారింగ్‌తో సాధన చేయించమని అడగండి. ఒంట్లో బాగా కుదుటపడి, కడుపునిండా తిని, నిద్రపోయి, ఒక నెలపాటు సాధన చేశాక కూడా రింగ్ మీద ఇష్టం కలగకపోతే మానేయవచ్చు. అప్పుడు ఆ మాట కోచ్ గారికీ ఇంట్లోవారికీ మీరే స్వయంగా చెప్పండి. ఈలోగా ఏడుపు, నిద్రలేమి రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ప్రభుత్వం నడుపుతున్న టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఏ వేళనైనా తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.