సెలబ్రెంట్‌తో జరిపే పెళ్ళికి ఇంగ్లండ్‌లో కంట్రీ హౌస్ ఎలా ఎంచుకోవాలి?

మీ తమ్ముడి పెళ్ళి వచ్చే జూన్‌లో సెలబ్రెంట్‌తో, అంటే పురోహితుడూ రిజిస్ట్రారూ కాకుండా పెళ్ళి కార్యక్రమం నడిపించే మనిషితో, చేయిద్దామనుకుంటున్నారని, ఆక్స్‌ఫర్డ్ చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే రెండు కంట్రీ హౌస్‌లు (పల్లెల్లోని పాత దొరల ఇళ్ళు) చూశారని రాశారు. ఒకటి పెద్ద భవంతి, చెరువు ముందు పచ్చిక మీద పెళ్ళి. రెండోది చిన్న ఇల్లు, దాని పక్కన పాత ధాన్యపు కొట్టు. ఇంట్లో అందరికీ మొదటిదే నచ్చిందన్నారు. రెండేళ్ళ కిందట మా అమ్మాయి పెళ్ళికి నేనూ ఇలాగే నిద్ర లేకుండా ఫోటోలు తిరగేశాను కాబట్టి చెప్తున్నాను. చివరి వరసలో కూర్చున్న మనిషికి మాట వినపడుతుందో లేదో చూడండి. చెరువు, మెట్లు, షాండ్లియర్ అన్నీ దాని తర్వాతే.

మన పెళ్ళిళ్ళలో మాట వినపడకపోయినా ఏమీ ఆగదు. పురోహితుడు మంత్రం చదువుతుంటే వెనక కుర్చీల్లో నగల గురించీ వీసాల గురించీ మాట్లాడుకుంటూనే ఉంటారు. గట్టిమేళం మోగగానే అందరూ లేచి అక్షింతలు వేస్తారు. జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు కళ్ళతో చూస్తే పెళ్ళి చూసినట్టే. సెలబ్రెంట్ జరిపే పెళ్ళిలో ఉన్నదంతా మాటలే. పిల్లలిద్దరూ ఎలా కలిశారు, ఒకరిలో ఒకరికి ఏం నచ్చింది, ఏం మాట ఇచ్చుకుంటున్నారు, ఇవన్నీ సెలబ్రెంట్ నెలల ముందు నుంచే అడిగి రాసుకుని, ఆ ముప్పావుగంటలో చెప్తుంది. అది వినపడకపోతే వచ్చినవాళ్ళు దూరం నుంచి ఇద్దరు మనుషులు నిలబడి ఉండటం చూసి వెళ్ళినట్టే.

చట్టం సంగతి మీకు తెలిసే ఉంటుంది గానీ, చాలామంది పెద్దవాళ్ళకు తెలియక చివర్లో టెన్షన్ పడుతున్నారు కాబట్టి రాస్తున్నాను. ఇంగ్లండ్, వేల్స్‌లో సెలబ్రెంట్ జరిపిన పెళ్ళికి చట్టబద్ధత లేదు. కంట్రీ హౌస్‌లో మన పురోహితుడు జరిపినా అంతే. చట్టం దృష్టిలో ఇద్దరూ ఒకటే. అసలు పెళ్ళి రిజిస్టర్ ఆఫీసులో, ఇద్దరు సాక్షుల ముందు విడిగా చేసుకోవాలి. దానికి ఇద్దరూ స్వయంగా వెళ్ళి నోటీసు ఇచ్చాక 28 రోజులు ఆగాలి. మీ తమ్ముడు వీసా మీద ఉంటే అది 70 రోజుల దాకా సాగవచ్చు, కాబట్టి ముందే చూసుకోండి. స్కాట్లండ్‌లో మాత్రం 2005 నుంచి హ్యూమనిస్ట్ (మతంతో పనిలేని) సెలబ్రెంట్లు చట్టబద్ధంగానే పెళ్ళిళ్ళు చేస్తున్నారు.

ఇందులో మనకు కలిసొచ్చేది ఒకటుంది. రిజిస్ట్రార్ వచ్చి చేయాలంటే ఆ ఇంటికి లైసెన్స్ ఉండాలి, పైగా ఆ కార్యక్రమంలో మతపరమైన తంతు ఉండకూడదు. సెలబ్రెంట్ అయితే ఇంటికి ఆ లైసెన్స్ అక్కర్లేదు. తోటలో, కొట్టులో, ఎక్కడైనా చేయవచ్చు, తాళి కట్టేటప్పుడు శ్లోకం చదువుకోవచ్చు. హ్యూమనిస్ట్ సెలబ్రెంట్లు మతం జోలికి వెళ్ళరు. ఇండిపెండెంట్ సెలబ్రెంట్లు మతపరమైనవీ, మతం లేనివీ రెండూ కలిపి చేస్తారు. మీకు ఏది కావాలో ముందే తేల్చుకోండి.

ఇక మా కథ. మేం రెడింగ్‌లో ఉంటాం. అల్లుడిది డెవన్. పెళ్ళి ఏప్రిల్‌లో అనుకున్నాం. తెనాలి నుంచి మా అమ్మ నవంబరులోనే వచ్చేసింది. 79 ఏళ్ళ మనిషి, చలికాలంలో వద్దని అందరూ చెప్పినా వినలేదు. ఇళ్ళు చూడటానికి వెళ్ళినప్పుడు ఒక్కదాన్నే ఇంట్లో వదల్లేక వెంట తీసుకెళ్ళాను. నేను చేసిన మంచి పని అదొక్కటే.

మొదట చూసింది మీరు రాసినటువంటి పెద్ద భవంతే. కారు పార్కింగ్ నుంచి పచ్చిక దాకా దారంతా గులకరాళ్ళు. అమ్మ చేతికర్ర ప్రతి అడుగుకీ దిగబడిపోయింది. "ఇదేం దారే, పాదం నిలవట్లేదు" అంటూ నా భుజం పట్టుకుని నడిచింది. ఆ కాస్త దూరానికి పావుగంట పట్టింది. ఇల్లు చూపించే అమ్మాయి ముందు వెళ్ళిపోయి, పూల ఆర్చి ఎక్కడ పెడతారో, ఫోటోలు ఏ వైపు నుంచి బాగా వస్తాయో గాలికి చెప్తోంది. పచ్చిక చివర హా-హా అని ఒకటుంది చూడండి, గొర్రెలు లోపలికి రాకుండా 18వ శతాబ్దంలో కట్టుకున్న పల్లపు గోడ. ఇంటి వైపు నుంచి అసలు కనపడదు, నేల ఒక్కసారిగా కిందికి దిగిపోతుంది. పిల్లలు పరిగెత్తే పెళ్ళిలో దాని పక్కన ఒక మనిషిని కాపలా పెట్టాల్సిందే.

అమ్మను వెనక బెంచీ మీద కూర్చోబెట్టి, నేను ఆర్చి పెట్టే చోట నిలబడి మామూలు గొంతుతో ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు చదివాను. తిరిగొచ్చి, ఎన్నింటి దాకా వినపడిందమ్మా అని అడిగాను. "నీ పెదాలు కదలడం కనపడింది" అంది. అంతలో తల మీదుగా సైన్యం రవాణా విమానం ఒకటి వెళ్ళింది. ఆ వైపంతా బ్రైజ్ నార్టన్ వైమానిక స్థావరానికి దగ్గర. అవి వెళ్ళేటప్పుడు మాట్లాడటం మానేసి ఆగాల్సిందే. మైకు పెడతాంలెండి అన్నారు. ఆరుబయట గాలి వీస్తే మైకులో గాలే వినిపిస్తుంది.

ఇంకో సంగతి కూడా ఆ రోజే తెలిసింది. ఆ ఎస్టేటు మధ్య నుంచి అందరూ నడిచే కాలిబాట ఒకటి ఉంది. ఇక్కడ అలాంటి బాటలను చట్టం కాపాడుతుంది, ఇల్లు ఎవరిదైనా ఆపే హక్కు లేదు. కుక్కను తీసుకుని ఒకాయన బురద బూట్లతో మా పక్క నుంచే గుడ్ మార్నింగ్ చెప్పి వెళ్ళాడు. ఆయన తప్పేమీ లేదు. కానీ తాళి కట్టే వేళకు ఆ కుక్క మొరిగితే? ఆర్డ్‌నెన్స్ సర్వే (ఇక్కడి ప్రభుత్వ సర్వే సంస్థ) మ్యాప్‌లో ఈ బాటలు గీతలు గీతలుగా ఉంటాయి, ఇంటికి వెళ్ళేముందే చూసుకోవచ్చు. ఊరి చర్చి పక్కనే ఉంటే గంటలు ఏ రోజుల్లో, ఎన్నింటికి మోగిస్తారో కూడా అడగండి.

చివరికి ఆక్స్‌ఫర్డ్‌కు పడమర ఉన్న కాట్స్‌వోల్డ్స్ కొండల ప్రాంతంలో తేనెరంగు సున్నపురాతితో కట్టిన చిన్న ఇల్లొకటి తీసుకున్నాం. పెళ్ళి శుక్రవారం కాబట్టి అంత తక్కువ వ్యవధిలో దొరికింది. లోపలి ప్రాంగణంలో పెళ్ళి, వాన వస్తే ఆరెంజరీలో. ఆరెంజరీ అంటే వెనకటి దొరలు చలికాలంలో నారింజ చెట్లు పెట్టుకోవడానికి కట్టుకున్న అద్దాల గది. అమ్మను రెండు చోట్లా కూర్చోబెట్టి అంకెలు చదివాను. ఇరవై దాకా వినపడ్డాయి. సంబరపడి అడ్వాన్సు కట్టేశాను. ఆ రోజు ఎండ కాసింది. అక్కడే తప్పు చేశాను.

పెళ్ళి రెండింటికి. ఒంటిగంట ఇరవైకి వాన మొదలైంది. కుర్చీలన్నీ ఆరెంజరీలోకి మార్చారు, 85 మందిమి లోపల కూర్చున్నాం. అప్పుడు తెలిసింది, దానికి పైకప్పు కూడా అద్దమేనని, అద్దం మీద వాన రేకుల షెడ్డు మీద పడ్డట్టే పడుతుందని. సెలబ్రెంట్ రెండు వాక్యాలు చెప్పింది. వెనకవాళ్ళు చెవుల దగ్గర చేతులు పెట్టుకుని ముందుకు వంగారు. మైకు పెంచితే గదంతా గుయ్యిమంది. నాకు కళ్ళలో నీళ్ళొచ్చేశాయి. ఇంత చూసి, ఇంత తిరిగి, చివరికి ఇదా అనిపించింది.

ఆవిడ కాగితాలు మడిచి పక్కన పెట్టేసింది. "వాన తగ్గేదాకా ఆగుదాం, ఈలోగా కుర్చీలు దగ్గరికి లాక్కోండి" అంది. అల్లుడి మేనమామలు, మా రెడింగ్ స్నేహితులు కలిసి వరసలు చెరిపేసి, మధ్యలో కాస్త చోటు వదిలి చుట్టూ వలయంగా వేశారు. ముసలివాళ్ళను ముందు కూర్చోబెట్టి, కుర్రవాళ్ళు వెనక నిలబడ్డారు. సరిగ్గా మన ఊళ్ళో పందిరి కింద పీటల చుట్టూ మూగినట్టే ఉంది. అందరికీ టీ ఇచ్చారు. పాతిక నిమిషాలు ఆగాం. రిజిస్ట్రార్ అయితే అలా ఆగడం కష్టం, వాళ్ళు ఆ రోజు ఇంకో పెళ్ళికి వెళ్ళాల్సి ఉంటుంది. ఈవిడ ఆ రోజుకు మా ఒక్క పెళ్ళే పెట్టుకుంది. సెలబ్రెంట్‌ను మాట్లాడుకునేటప్పుడు ఈ ఒక్క సంగతి తప్పకుండా అడగండి.

వాన చినుకులకు దిగాక మళ్ళీ మొదలుపెట్టింది. మైకు తీసేసింది. మా అమ్మ పక్కన మా చెల్లెలు కూర్చుని ఒక్కో వాక్యం తెలుగులో చెవిలో చెప్తోంది. అల్లుడు తెలుగులో మొట్టమొదట నేర్చుకున్న ముక్క గురించి చెప్పింది ఆవిడ. ప్రతి ఆదివారం తెనాలికి ఫోన్ చేసినప్పుడు పక్క నుంచి తొంగి చూసి, అమ్మమ్మా అన్నం తిన్నారా అని అడిగేవాడు. అదే మాట ఇప్పుడు అందరి ముందూ ఒకసారి అనమంది. అతను మా అమ్మ వైపు తిరిగి, "అమ్మమ్మా, అన్నం తిన్నారా?" అన్నాడు. అది కార్యక్రమంలో భాగమని మా అమ్మకు తెలియదు. "తిన్నాను నాయనా, నువ్వు తిన్నావా?" అంది కుర్చీలోంచే. మా వియ్యపురాలికి ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా కళ్ళు తుడుచుకుంది. ఆ పచ్చిక మీద చివరి వరసలో ఉంటే అమ్మకు ఆ పిలుపు చేరేదా? చేరేది కాదు. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఆ ఒక్క నిమిషమే.

తర్వాత జీలకర్ర బెల్లం, తాళి, కొంగుముడి. ఇంగ్లీషువాళ్ళకు కూడా చేతులకు రిబ్బను చుట్టి ముడి వేసే ఆచారం ఉంది కాబట్టి కొంగుముడి ఎందుకో ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన పని పడలేదు.

అక్షింతల గురించి ముందే మాట్లాడుకోండి. చాలా ఇళ్ళలో బియ్యం చల్లనివ్వరు, జారి పడతారని. పసుపంటే ఇంకా భయం. సున్నపురాయి పసుపును పీల్చుకుంటుంది, ఆ మరక పోదు. ఇవి వారసత్వ కట్టడాల జాబితాలో ఉన్న ఇళ్ళు, గోడకు ఒక మేకు కొట్టాలన్నా ఒప్పుకోరు. లోపల హోమం మాట ఎత్తితే ఫైర్ అలారం గురించి చెప్పి కాదంటారు. అందుకే మేం హోమం పెట్టుకోలేదు. కింద రెండు మందపాటి దుప్పట్లు పరిచి, దాని మీద పిల్లల్ని నిలబెట్టి, అందరూ దగ్గరికొచ్చి తల మీద అక్షింతలు వేసి దీవించేలా చేశాం. దూరం నుంచి విసరడం కంటే అదే బాగుందని మా అమ్మే అంది.

డబ్బు సంగతి నాకు ఇప్పటికీ మింగుడు పడదు. బ్రోచర్‌లో చెప్పిన ధరకు 20 శాతం వ్యాట్ తర్వాత కలిపినవాళ్ళున్నారు. మన వంటవాళ్ళను తెచ్చుకుంటామంటే వంటగదికి విడిగా ఫీజు. మన వైన్ సీసా మనం తెచ్చుకున్నా మూత తీసినందుకు కార్కేజీ. కొన్నిచోట్లయితే ఇడ్లీ, పులిహోర పెట్టుకోవడానికి వాళ్ళ జాబితాలో ఉన్న కేటరర్‌నే పిలవాలట. పులిహోర అంటే ఏమిటో నేను వాళ్ళకు ఫోన్‌లో నేర్పాలి! ఇలాంటి షరతులన్నీ కాగితం మీద రాయించుకోండి. రాత్రి 11 తర్వాత ఆ పల్లెల్లో టాక్సీ దొరకదు, ఫోన్ సిగ్నల్ కూడా అంతంతమాత్రం. ఆ ఇరుకు దారుల్లో పెద్ద బస్సు తిరగగలదో లేదో కూడా అడిగి తెలుసుకోండి.

రిజిస్టర్ ఆఫీసు పనిని ఏదో ఫారం నింపే పనిలా తోసేయకండి. మేం పెళ్ళికి మూడు రోజుల ముందు వెళ్ళాం, నలుగురు తల్లిదండ్రులమూ వెళ్ళాం. ఇంగ్లండ్, వేల్స్‌లో పెళ్ళి రికార్డులో 1837 నుంచి తండ్రి పేరే రాసేవారు. 2021 మే 4 నుంచి తల్లి పేరు కూడా చేరుస్తున్నారు. ఆ కాగితం మీద నా పేరు చూసుకున్నాను. మీ అమ్మగారు ఇక్కడికి వస్తుంటే ఆవిణ్ణి కూడా ఆ రోజు తీసుకెళ్ళండి.

మీ రెండింట్లో నేనైతే ధాన్యపు కొట్టు వైపే మొగ్గుతాను, కానీ ఇప్పుడే డబ్బు కట్టకండి. కప్పు పెంకుదా, రేకుదా, మధ్యలో అద్దాలేమైనా పెట్టారా చూడండి. వాన కురిసే రోజు ఫోన్ చేసి, ఇప్పుడే వస్తున్నామని చెప్పి వెళ్ళండి. మీ ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని వెంట తీసుకెళ్ళి, పార్కింగ్ నుంచి కుర్చీ దాకా, కుర్చీ నుంచి బాత్రూం దాకా నడిపించండి. చివరి వరసలో కూర్చోబెట్టి అంకెలు చదవండి. సెలబ్రెంట్‌ను కూడా అడ్వాన్సు కట్టకముందే ఒకసారి అక్కడికి పిలిచి నిలబెట్టి మాట్లాడించండి. జూన్ శనివారాలకు మంచివాళ్ళు త్వరగా బుక్ అయిపోతారు కాబట్టి, ఇల్లు తేలేలోపే ఆవిణ్ణి ఖాయం చేసుకోండి.