ఏడేళ్ల ఆవు అప్పుడే ముసలిదానిలా కనిపిస్తోంది, టెన్షన్ వల్లేనా?

సందేహం: మా ఆవుకి ఏడేళ్లు, నాలుగు ఈతలు ఈనింది. ఏడాదిగా పాలు తగ్గాయి, బొచ్చు గరుకుబారింది. దాని ఈడు ఆవు ఇంకోటి అదే పాకలో నిగనిగలాడుతోంది. ఇద్దరికీ ఒకటే మేత, కాకపోతే రెండోది పొడుస్తుందని ఇది తొట్టి దగ్గరకి ఆఖరున వస్తుంది. పశువులకి కూడా టెన్షన్‌తో తొందరగా ముసలితనం వస్తుందా సార్?

సలహా: వస్తుంది. కానీ ముందు పేడ పరీక్ష చేయించి, పళ్లు, పొదుగు డాక్టరుకి చూపించండి, ఎందుకంటే ఇలాంటి లక్షణాలకి నేను మొదట అనుమానించేది నట్టల్నీ పొదుగువాపునీ, టెన్షన్‌ని కాదు.

అవేవీ లేవంటే మీరు రాసిన ఆ తొట్టి దగ్గరి పొడుపే అసలు సంగతి. ఒకరోజు బెదిరిన పశువు తేరుకుంటుంది, రోజూ బెదిరే పశువుకి ఆ వ్యవధి దొరకదు. కార్టిసాల్ అనే హార్మోన్ పదేపదే పెరుగుతుంది, కణాల్లో ఆక్సీకరణ దెబ్బ, అంటే ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన పదార్థాలు చేసే హాని, ఎక్కువవుతుంది. కణంలో జన్యువులుండే పోగుల్ని క్రోమోజోములంటారు, వాటి చివర టెలోమియర్లు ఉంటాయి, పలుపు తాడు చివర పీచు విడిపోకుండా వేసే ముడిలాంటివి. కణం చీలినప్పుడల్లా అవి కాస్త అరగడం మామూలే, ఈ దెబ్బకి ఇంకా త్వరగా అరుగుతాయి, మరీ పొట్టివైతే ఆ కణం ఇక చీలదు, ఒంట్లో మరమ్మతు మందగిస్తుంది. ఒంటరిగా పెంచిన ఆఫ్రికన్ గ్రే చిలకలకి జంటగా ఉన్నవాటికంటే టెలోమియర్లు పొట్టిగా ఉన్నాయని 2014లో ఒక పరిశోధన చెప్పింది. పాడి ఆవుల్లోనూ అవి పొట్టిగా ఉన్నవి మందలో తక్కువ కాలం నిలిచినట్టు చూశారు, అయితే పొట్టితనమే కారణమా, ఇంకేదైనా బాధకి గుర్తా అన్నది వేరే ప్రశ్న.

టెలోమియర్ పరీక్ష మీకు అక్కర్లేదు, వాటిని పెంచుతామనే టానిక్కులు ఎవరైనా అమ్మితే కొనకండి.

తొట్టి వేరు చేయండి, కనీసం రెండింటి మధ్య అడ్డు కట్టండి. తర్వాత ఒక పూట దూరంగా కూర్చుని చూడండి, ఆవు రోజులో పది పన్నెండు గంటలు పడుకోవాలి. నిలబడే నెమరేస్తోందంటే నేల గట్టిదో, గిట్ట నొప్పో ఉంటుంది, గిట్టలు చెక్కించి కింద మెత్తగా పరవండి. ఎండకి రొప్పుతుంటే నీడ, గాలి, ఎప్పుడూ నీళ్లు కావాలి, ముఖ్యంగా చూడితో ఒట్టిపోయిన చివరి రెండు నెలల్లో, అప్పటి వేడి దెబ్బ పుట్టబోయే పెయ్య పాల మీద కూడా పడుతుంది.

అరిగిపోయింది పూర్తిగా తిరిగి రాకపోవచ్చు గానీ, బొచ్చు నునుపు తేలడానికి మాత్రం రెండు మూడు నెలలు ఆగి చూడండి.